గని మూతపడినా బండి ఆగలేదు

జపాన్ తీరానికి కాస్త ఎడంగా హషిమా అనే చిన్న దీవి ఉంది. సముద్రం అడుగున బొగ్గు తవ్వడం కోసమే అక్కడ జనం కాపురం పెట్టారు. 1974 జనవరిలో గని మూసేశారు. ఏప్రిల్ వచ్చేసరికి దీవిలో ఒక్క మనిషి మిగల్లేదు. నమీబియా ఎడారిలో వజ్రాల కోసం వెలసిన కోల్మన్‌స్కోప్ కూడా అంతే. 1956 నాటికి జనం వెళ్లిపోయారు, గదుల్లోకి ఇసుక వచ్చి చేరింది. ఖనిజంతో పుట్టిన ఊరు ఖనిజంతోనే పోతుందని లోకంలో ఒక లెక్క స్థిరపడింది.

కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కె.జి.ఎఫ్.) ఈ లెక్కకు లొంగలేదు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ గనులు మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లపాటు తవ్వి, 800 టన్నులకు పైగా బంగారం తీసిన చోటు అది. మరో పదేళ్లకు, 2011 జనాభా లెక్కల్లో, ఆ ఊళ్లో లక్షా అరవై వేల పైచిలుకు జనం ఉన్నారు. పని పోయింది, జనం పోలేదు. ఎందుకని?

జవాబులు చాలానే ఉన్నాయి. మూడు నాలుగు తరాలుగా ఉన్న ఇళ్లు వదిలిపోవడం తేలిక కాదు. 1964లో మొదలైన బెమెల్ కర్మాగారం బుల్డోజర్లు, ఎక్స్‌కవేటర్లు చేస్తూ కొందరికి జీతాలిస్తోంది. కానీ ఈ అధ్యాయం పట్టుకునేది మరో కారణాన్ని. బంగారపేట నుంచి మారికుప్పం దాకా 16 కిలోమీటర్ల రైలు కొమ్మ ఒకటుంది. దాన్ని వేసినవాళ్లు ఊరిని బతికించడానికి వెయ్యలేదు. ఊరు దాన్ని పట్టుకుని బతికింది.

పద్నాలుగు వ్యాగన్ల బంగారం

బెంగళూరు కంటోన్మెంటును జోలార్‌పేటతో కలుపుతూ మద్రాసు రైల్వే 1864లో లైను తెరిచింది. అప్పటికి గనుల సంగతి ఎవరికీ పట్టలేదు. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ దిగాక, పెద్ద లైను మీద ఉన్న బౌరింగ్‌పేట స్టేషన్‌లో యంత్రాలు దించి ఎద్దుబండ్ల మీద తోలుకెళ్లేవారు. మైసూరు కమిషనర్‌గా ఉన్న బౌరింగ్ దొర పేరుతో ఉన్న ఆ స్టేషనే నేటి బంగారపేట. 1894లో అక్కడి నుంచి గనుల్లోకి బ్రాడ్‌గేజ్ కొమ్మ వేశారు. కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం అంటూ స్టేషన్లు వచ్చాయి. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, వాటిలో ఎక్కువ గనుల పేర్లే.

రైలు వేసింది బంగారం మోయడానికే అనుకుంటాం. చిన్న లెక్క వేసి చూడండి. 60 టన్నులు పట్టే నేటి వ్యాగన్లను తీసుకుంటే, కోలార్‌లో ఇన్నేళ్లుగా తీసిన బంగారమంతా పద్నాలుగు వ్యాగన్లలో సర్దుకుంటుంది. నూట ఇరవై ఏళ్ల పంటకు ఒక్క గూడ్సు బండి కూడా నిండదు. ఆ లైను లోపలికి మోసుకెళ్లిన సరుకే అసలు బరువు. బాయిలర్లకు బొగ్గు, సొరంగాలకు ఆసరాగా కలప, ఇనుప తాళ్లు, సైనైడ్, బియ్యం, అన్నిటికీ మించి మనుషులు. ఉత్తర ఆర్కాడు, సేలం వైపు నుంచి తమిళులు, చిత్తూరు సీమ నుంచి తెలుగువాళ్లు ఆ దారినే వచ్చారు. బొగ్గు బరువు 1902 తర్వాత తగ్గింది. కావేరి మీద శివసముద్రం దగ్గర పుట్టించిన కరెంటును దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీద గనులకు తెచ్చారు. ఇంధనాన్ని మోసే పని రైలు పట్టాల నుంచి రాగి తీగలకు మారిందన్నమాట.

మరి జిల్లా కేంద్రమైన కోలార్ పట్టణం సంగతి? దానికి రైలు 1913లో గానీ రాలేదు. వచ్చింది కూడా రెండున్నర అడుగుల నేరోగేజ్. తర్వాత అది శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్లాపురం చేరింది. పట్టాల వెడల్పు మారిన చోట సరుకంతా ఒక బండిలోంచి దించి ఇంకో బండికి ఎక్కించాలి. బంగారపేటలో ఆ కూలి ఖర్చూ, పోయే సమయమూ కలిసి, కొద్ది మైళ్ల దూరాన్ని ఎన్నో మైళ్లు చేసేవి. శిడ్లఘట్ట పట్టుగూళ్లు, శ్రీనివాసపురం మామిడి, చింతామణి వేరుశనగ ఇదే మెలికలో ఇరుక్కున్నాయి. కోలార్ నుంచి చిక్కబళ్లాపురం దాకా ఆ పట్టాలు బ్రాడ్‌గేజ్ అయ్యేసరికి 2013 వచ్చింది. ఈలోగా రైతు లారీకి అలవాటుపడిపోయాడు. ఇవాళ కోలార్ టమాటా మార్కెట్టు దేశంలోని అతిపెద్ద వాటిలో ఒకటి, కానీ ఆ టమాటా దూరప్రాంతాలకు వెళ్లేది లారీల మీదే. వందేళ్ల కిందట పట్టాల మధ్య దూరం గురించి ఎవరో తీసుకున్న నిర్ణయం నేటి టమాటా గంప మీద కూడా పనిచేస్తోంది. రవాణా పథకాల గుణమే అది. వేసినవాళ్లు పోతారు, పాలించిన ప్రభుత్వాలు పోతాయి, గీసిన గీత మాత్రం ఉండిపోతుంది.

నిలువు ప్రయాణం

కె.జి.ఎఫ్.లో కార్మికుడి రోజువారీ ప్రయాణం అడ్డంగా చాలా తక్కువ, నిలువుగా చాలా ఎక్కువ. గనుల పట్టీ పొడవునా షాఫ్టులు, అంటే లోపలికి దిగే నిలువు బావులు ఉండేవి. ఒక్కో షాఫ్టు చుట్టూ నడిచి చేరేంత దూరంలో కార్మికుల ఇళ్ల ‘లైన్లు’ ఉండేవి. కాబట్టి పాత కె.జి.ఎఫ్.ను ఒక పట్నం అనడం కంటే వరసగా గుచ్చిన నడక ఊళ్లు అనడం సరైనది. సైరను మోగితే మనిషి కాలినడకన షాఫ్టు దగ్గరికి వెళ్లేవాడు. అక్కడి నుంచి కేజ్ అనే పంజరంలో కిందికి.

ఛాంపియన్ రీఫ్ గని లోతు 3.2 కిలోమీటర్లు. అంత లోతుకు ఒకే ఊపులో దిగడం కుదరదు. కేజ్‌ను వేలాడదీసే ఉక్కు తాడు పొడవు పెరిగేకొద్దీ దాని సొంత బరువే దానికి భారమవుతుంది. అందుకే ఒక షాఫ్టులో కొంత లోతు దిగి, అక్కడ సొరంగంలో నడిచి, మరో షాఫ్టులో మళ్లీ దిగాలి. రైల్వే జంక్షన్‌లో బండి మారినట్టే, భూమి లోపల కేజ్ మారడం. అడుగున రాతి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటేది. పని మొదలుకాకముందే ఒంట్లో సగం సత్తువ ప్రయాణానికే పోయేది.

ఇక్కడ ఒక చిన్న చట్టం సంగతి చెప్పాలి. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో పనికి రోజుకు ఎనిమిది గంటల హద్దు పెట్టింది. ఒక షిఫ్టు పనికాలం ఆ హద్దు దాటకూడదని, తన షిఫ్టు వేళల్లో తప్ప ఎవరూ భూగర్భంలో ఉండకూడదని కూడా అదే చెప్పింది.  దిగడం, నడవడం, ఎక్కడం అన్నీ అందులో భాగమే. ప్రయాణం కూడా శ్రమేనని చట్టమే ఒప్పుకున్న అరుదైన చోటు అది.

ఆ కాలాన్ని బంగారు పూత పూసి చూపించడం నా ఉద్దేశం కాదు. పనికి దగ్గరగా ఇల్లు ఉందంటే, ఆ ఇల్లు కంపెనీది అని కూడా అర్థం. ఉద్యోగం పోతే గూడు పోతుంది. దొరల బంగళాలు ఒకవైపు, తడకల గుడిసెలు మరోవైపు. ఇరుకు, మురికి మితిమీరాకే, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో, మైసూరులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరుతో తిన్నని వీధులు గీసి రాబర్ట్‌సన్‌పేట కట్టారు. కంపెనీ ఆవరణకు బయట, సొంత ఇల్లు, సొంత కొట్టు పెట్టుకునే వీలున్న నేల అది. గని పోయినా జనం నిలదొక్కుకోవడానికి ఆ పేట కొంత ఆసరా అయింది.

రోజుకు ఎన్ని గంటలు దారిలో?

1970లలో యాకోవ్ జహవి అనే ఇంజనీరు రకరకాల నగరాల ప్రయాణ లెక్కలు తిరగేసి ఒక వింత గమనించాడు. వాహనాల వేగం ఎంతైనా, సగటు మనిషి రోజులో దారి మీద గడిపే సమయం పెద్దగా మారడం లేదు. ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారె మార్కెట్టి 1994లో దీన్ని మరింత సాగదీశాడు. నడిచే రోజుల నుంచి కారు రోజుల దాకా మనిషి ప్రయాణానికి పెట్టుకునే బడ్జెట్టు రోజుకు సుమారు ఒక గంట అన్నాడు. గంటలో వెళ్లి తిరిగి రావాలి కాబట్టి, నడక ఊరి వ్యాసార్ధం రెండున్నర కిలోమీటర్లు దాటదు. షాఫ్టు చుట్టూ లైన్లు అల్లుకున్న పాత కె.జి.ఎఫ్. ఈ సూత్రానికి అచ్చంగా సరిపోతుంది.

నేటి కె.జి.ఎఫ్. మాత్రం ఆ సూత్రాన్ని తలకిందులు చేస్తుంది. తెల్లవారకముందే మారికుప్పం నుంచి బెంగళూరు బండ్లు కదులుతాయి. వాటిలో రోజూ వేల మంది పనికి పోతారు. సెక్యూరిటీ గార్డులు, దుకాణాల్లో సేల్స్ పిల్లలు, ఆస్పత్రి సిబ్బంది, దర్జీలు, కాల్ సెంటర్ల కుర్రాళ్లు, కంప్యూటర్ ఇంజనీర్లు. రైలు మీద దూరం 85 కిలోమీటర్లకు అటూ ఇటూ. బండి ప్రయాణమే రెండు గంటలు దాటుతుంది. ఇంటి నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి పనిచోటికి పట్టే సమయం కలిపితే రోజుకు ఐదు గంటలు, ఆరు గంటలు. మార్కెట్టి గారి గంట ఎక్కడ? ఆయన చెప్పింది సగటు. గత్యంతరం లేనివాళ్లు సగటులో కనిపించరు.

ఈ ఐదారు గంటలు మనిషిని ఏం చేస్తాయో చూపడానికి స్వీడన్ భూగోళ శాస్త్రవేత్త టోర్‌స్టెన్ హేగర్‌స్ట్రాండ్ ఒక మంచి పనిముట్టు ఇచ్చాడు. 1970లో ఆయన ప్రణాళికావేత్తలకు ఒక మాట గుర్తుచేశాడు. మనిషికి ఒకే ఒళ్లు ఉంటుంది, అది ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు, రాత్రికి పడుకోవడానికి ఎక్కడికో చేరాలి. ఒక కాగితం మీద అడ్డంగా దూరం, నిలువుగా సమయం గీయండి. తప్పనిసరిగా ఉండాల్సిన రెండు చోట్ల మధ్య మిగిలిన సమయంలో మనిషి చేరగలిగిన చోట్లన్నీ చుక్కలు పెడితే ఒక పట్టకం ఆకారం వస్తుంది. బ్యాంకు, బడి, డాక్టరు, చుట్టాలిల్లు, సినిమా హాలు ఆ పట్టకం లోపల ఉంటేనే ఆ మనిషికి ఉన్నట్టు. బయట ఉంటే, పక్క వీధిలో ఉన్నా లేనట్టే.

ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. బెంగళూరులో ఒక బట్టల కొట్లో పని. నాలుగింటికి లేచి వంట, ఐదున్నర దాటగానే స్టేషన్, ఎనిమిదికి నగరం, ఎనిమిదిన్నరకు కొట్టు. సాయంత్రం ఆరున్నరకు వదిలితే ఇల్లు చేరేది తొమ్మిదిన్నరకు. ఆమె పట్టకం నలిగి ఒక సన్నని గీత అయిపోయింది. తాలూకా ఆఫీసు పది నుంచి ఐదు దాకా తెరిచే ఉంటుంది, ఆమెకు మాత్రం ఎప్పుడూ మూసే ఉంటుంది. బిడ్డ బళ్లో తల్లిదండ్రుల సమావేశం అంటే ఒక రోజు జీతం. ఇలాంటి వాళ్లు వేలల్లో ఉన్న ఊరు పగలు ముసలివాళ్లతో, పిల్లలతో నడుస్తుంది. అంగళ్ల వ్యాపారం రాత్రికీ ఆదివారానికీ జరుగుతుంది. వార్డు సభకు రావలసిన వయసువాళ్లు ఆ వేళకు వైట్‌ఫీల్డ్ దాటుతుంటారు.

జీతం ఎక్కువ వస్తుంది కదా, లెక్క సరిపోతుంది కదా అని ఆర్థిక శాస్త్రం చాలాకాలం అనుకుంది. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టుట్సర్, బ్రూనో ఫ్రే జర్మనీ కుటుంబాల సర్వేలు పరిశీలించి 2008లో వేరే సంగతి ప్రకటించారు. దూరప్రయాణం చేసేవాళ్ల జీవిత సంతృప్తి తక్కువగానే ఉంది, జీతమో చవక ఇల్లో ఆ లోటును పూర్తిగా పూడ్చడం లేదు. జర్మనీకీ కె.జి.ఎఫ్.కూ పోలిక కుదరదనవచ్చు. నిజమే, ఇక్కడ ఎంపిక ఇంకా ఇరుకు. బెంగళూరులో అద్దెకు ఉండాలంటే జీతంలో పెద్ద ముక్క పోతుంది. నెల పాసు ఆ అద్దెలో చిన్న భాగం. చవక పాసు ఈ జనానికి ఒక రకంగా ఇంటి సబ్సిడీ. దాన్ని కట్టేది మాత్రం వాళ్ల నిద్ర. భూమి లోపలికి దిగిన తాత ప్రయాణం చట్టం కళ్లలో పని. బెంగళూరుకు పోయే మనవరాలి ప్రయాణం ఎవరి లెక్కలోనూ లేదు.

ఊరి ప్రాణం ఆ పట్టాల మీద ఎంత ఆధారపడిందో 2020 చూపించింది. ఆ మార్చిలో దేశమంతటా ప్రయాణికుల రైళ్లు ఆగాయి. మామూలు ప్యాసింజర్లు మళ్లీ పట్టాలెక్కడానికి నెలలు పట్టింది. లాక్‌డౌన్ సడలించి నగరంలో కొట్లు తెరిచాక కూడా, పాసు మీద బతికే మనిషికి ఆ పని చేరువలో లేదు.

రోడ్డు ఎవరిది

గత పదిహేనేళ్లలో పని కాస్త దగ్గరికి వచ్చింది. బెంగళూరు–కోలార్ రహదారి మీద నరసాపురలో 2013లో హోండా ద్విచక్ర వాహనాల ఫ్యాక్టరీ, తర్వాత ఐఫోన్లు బిగించే విస్ట్రాన్ వచ్చాయి. విస్ట్రాన్ ప్లాంటు 2023లో టాటాల చేతికి పోయింది. చుట్టుపక్కల తాలూకాల నుంచి పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, కంపెనీ బస్సులు షిఫ్టులకు చేరవేస్తాయి. ఇంట్లోవాళ్లు ఆడపిల్లను రాత్రి షిఫ్టుకు పంపుతారా లేదా అన్నది చాలాచోట్ల బస్సు ఇంటికి ఎంత దగ్గరలో ఆగుతుందన్నదాని మీద ఆధారపడుతుంది. ఎవరికి ఉద్యోగం దొరుకుతుందో కొంతవరకు బస్సు దారి తేలుస్తుంది. ఆ దారి గీసేది మాత్రం కంపెనీ కాంట్రాక్టరు, ఏ నగర ప్రణాళికా శాఖా కాదు.

కొత్త ఎక్స్‌ప్రెస్‌వే కథ వేరు. హోస్కోట నుంచి మాలూరు, బంగారపేట పక్కగా, కె.జి.ఎఫ్. దగ్గరి బేతమంగళ మీదుగా ఆంధ్రలోకి దిగి, వి.కోట, పలమనేరు, చిత్తూరు దాటి చెన్నై వైపు పోయే దాదాపు 260 కిలోమీటర్ల రోడ్డు. 2022 మేలో శంకుస్థాపన జరిగింది. కర్ణాటకలోని 71 కిలోమీటర్ల ముక్క మీద 2024 డిసెంబరు నుంచి బండ్లు తిరుగుతున్నాయి. కారున్నవాడికి బెంగళూరు బాగా దగ్గరయింది. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, ట్రాక్టర్లకు ప్రవేశం లేదు. అంటే రోడ్డు పక్క పల్లెల్లో ఎక్కువమంది తోలే బండ్లేవీ ఆ రోడ్డు ఎక్కకూడదు. ఎక్కే, దిగే చోట్లు కూడా కొన్నే. దాని వెంట ముందుగా మొలిచినవి లేఅవుట్ల బోర్డులు.

అమెరికా నగర ప్రణాళికావేత్త డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే రకం మూడు వీధులు పరిశీలించాడు. తేడా వాహనాల రద్దీలోనే. తక్కువ రద్దీ వీధిలో ఒక్కో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులుంటే, రద్దీ వీధిలో ఒకరు కూడా పూర్తిగా లేరు, 0.9 మాత్రమే. ఎదుటి ఇంటికి పోవడం కష్టమైతే ఎదుటి మనిషే దూరమవుతాడు. ఎత్తైన కట్ట మీద వేసిన నాలుగు వరసల ఎక్స్‌ప్రెస్‌వే విషయంలో ఇది ఎన్నో రెట్లు నిజం. పొలం అవతల పడ్డ రైతు అండర్‌పాస్ ఎక్కడుందో వెతుక్కుని చుట్టు తిరగాలి. ఆవులు, గొర్రెలు తోలుకెళ్లేవాళ్లకు ఆ చుట్టు ఇంకా పొడవు. రోడ్డు ఎంత దూరాన్ని తగ్గించిందో కిలోమీటర్లలో చెప్పేవాళ్లున్నారు. ఎంత దూరాన్ని పెంచిందో అదే శ్రద్ధతో కొలిచే అలవాటు మనకు లేదు.

కొమ్మ చివర

నగరంలోని మార్పులు కూడా మారికుప్పం బండిని తాకుతాయి. 2023 మార్చిలో మెట్రో వైట్‌ఫీల్డ్ నుంచి కృష్ణరాజపురం దాకా వచ్చింది. అక్కడి నుంచి బయ్యప్పనహళ్లి దాకా రెండు కిలోమీటర్లు అక్టోబరు దాకా ఖాళీగా ఉండిపోయాయి. ఆ ముక్క పూర్తయ్యాకే వైట్‌ఫీల్డ్‌లోనో కృష్ణరాజపురంలోనో రైలు దిగినవాడు నగరం అవతలి కొసకు ఒకే మెట్రో టికెట్టు మీద చేరగలిగాడు. పదుల కిలోమీటర్ల పట్టాల విలువ రెండు కిలోమీటర్ల మీద వేలాడుతుందంటే ఇదే.

మారికుప్పం దగ్గర అలాంటి ఖాళీ ఇంకోటి ఉంది. స్టేషన్ అక్కడితో ఆఖరు. దానికి అవతల ఆంధ్రలోని కుప్పం, చెన్నై పెద్ద లైను మీద. రెంటినీ కలిపే దాదాపు 24 కిలోమీటర్ల లైను 2011–12లో మంజూరైంది, పని ఇంకా సాగుతూనే ఉంది. కుప్పం, వి.కోట వైపు తెలుగు పల్లెలకు కె.జి.ఎఫ్. పాత అంగడి, పాత ఆస్పత్రి, పాత పనిచోటు. బంధుత్వాలకు సరిహద్దు ఎప్పుడూ అడ్డం రాలేదు. రైలెక్కాలంటే మాత్రం బంగారపేటకు వెళ్లి వెనక్కి తిరగాలి.

ఈ లైను చుట్టరికాలకే కాదు, పొద్దుటి బండ్ల సంఖ్యకూ ముఖ్యం. బంగారపేట–మారికుప్పం ఒంటి లైను. 16 కిలోమీటర్లకు ఆగుతూ పోతే సుమారు అరగంట. నడుమ ఎదురుపడే వీలు లేకపోతే, ఒక బండి వచ్చి తిరిగి పోవడానికి గంట. కానీ తెల్లవారుజామున అందరిదీ ఒకే దిక్కు. అప్పుడు బంగారపేట నుంచి ఖాళీ బండి తెచ్చి తిప్పి పంపడం కంటే, ముందు రోజు రాత్రే మారికుప్పంలో నిలిపిన బండ్లను అరగంటకొకటి చొప్పున వదలడం మేలు. అలా వదలగలిగే బండ్లు, అక్కడ రాత్రిపూట నిలపడానికి ఎన్ని పట్టాలున్నాయో అన్నే. స్టేషన్ కొసకు ఇంకో రెండు నిలుపు పట్టాలు వేస్తే నాలుగింటికి లేచే ఇల్లాలికి నాలుగున్నరకు లేచే వీలు దొరకవచ్చు. కుప్పం లైను తెరుచుకుంటే ఆ అవసరం కూడా తగ్గుతుంది. బండి అవతలి నుంచి నిండుగా వచ్చి, మారికుప్పంలో రెండు నిమిషాలు ఆగి, ఇంజను మార్చకుండా బెంగళూరు వైపు పోతుంది.